దర్యాప్తునకు సరిహద్దు ఎక్కడ? ఖరగ్‌పూర్ నుంచి ఒక పరిశీలన

ఖరగ్‌పూర్‌లో రైల్వే స్థలం ఎక్కడ ముగుస్తుందో, పురపాలక సంఘం వీధి ఎక్కడ మొదలవుతుందో ఇక్కడి తెలుగు కుటుంబాలకు తరతరాలుగా తెలుసు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాప్ కొలువులకు వచ్చి స్థిరపడిన వారికి అది కుళాయి నీటికీ, వీధి దీపానికీ సంబంధించిన గీత. కేంద్ర దర్యాప్తు సంస్థ, అంటే సీబీఐ, అధికారాల విషయంలోనూ చట్టం ఇదే గీతను ప్రస్తావిస్తుంది. రాజకీయ ప్రాధాన్యం గల దర్యాప్తులకు పరిమితులు ఉండాలా అన్న చర్చను ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

సీబీఐకి అధికారాలు 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు స్థాపన చట్టం నుంచి సంక్రమించాయి. రాజ్యాంగం పోలీసు విధులను రాష్ట్రాల జాబితాలో చేర్చింది. అందువల్ల రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి లేనిదే ఆ రాష్ట్రంలో సీబీఐ అధికారాలు వినియోగించరాదని చట్టంలోని 6వ సెక్షన్ చెబుతుంది. కేంద్రపాలిత ప్రాంతాలకు, రైల్వే ప్రాంతాలకు మాత్రం మినహాయింపు ఉంది.

2018 నవంబరులో మొదట ఆంధ్రప్రదేశ్, కొద్ది రోజులకే పశ్చిమ బెంగాల్ తమ సాధారణ సమ్మతిని ఉపసంహరించుకున్నాయి. ప్రభుత్వం మారిన తరువాత 2019లో ఆంధ్రప్రదేశ్ దానిని పునరుద్ధరించింది. 2022లో తెలంగాణ ఉపసంహరించుకుంది. కేంద్రం తన ప్రత్యర్థులపై సంస్థను ప్రయోగిస్తున్నదని రాష్ట్రాలు ఆరోపించాయి. అవినీతిని కప్పిపుచ్చేందుకే తలుపులు మూస్తున్నారన్నది ఎదుటి పక్షం వాదన. రెండు భయాలూ నిరాధారమైనవి కావు.

అయితే ఈ పరిమితి సంపూర్ణం కాదు. ఒకసారి సమ్మతితో మొదలైన దర్యాప్తును తరువాతి ఉపసంహరణ ఆపజాలదని సుప్రీంకోర్టు 1994లో సిక్కిం కేసులో స్పష్టం చేసింది. మరో కీలక తీర్పునకు మూలం ఖరగ్‌పూర్‌కు సమీపంలోనే ఉంది. 2001 జనవరిలో నాటి ఉమ్మడి మేదినీపూర్ జిల్లా గడబేతలో తృణమూల్ కాంగ్రెస్ కార్యకర్తలు హతులయ్యారన్న కేసును కలకత్తా హైకోర్టు సీబీఐకి అప్పగించింది. నాటి వామపక్ష ప్రభుత్వం దానిని సవాలు చేసింది. హైకోర్టులు, సుప్రీంకోర్టు రాష్ట్ర సమ్మతి లేకున్నా సీబీఐ దర్యాప్తును ఆదేశించవచ్చని 2010 ఫిబ్రవరి 17న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ అధికారాన్ని అరుదుగా, అసాధారణ పరిస్థితులలోనే వాడాలని కూడా హెచ్చరించింది.

రైల్వే మినహాయింపు 2021లో పరీక్షకు వచ్చింది. ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రాంతాల నుంచి బొగ్గు అక్రమ తరలింపు కేసులో, రైల్వే ప్రాంతాలలో సీబీఐ దర్యాప్తు చేయవచ్చని, వాటి వెలుపల రాష్ట్ర సమ్మతి అవసరమని కలకత్తా హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం పేర్కొంది. అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ పరిమితిని నిలిపివేసింది. కారణం ఊహించడం కష్టం కాదు. బొగ్గు రైల్వే సైడింగ్ దాటి వెళ్లినట్లే, డబ్బూ రైల్వే హద్దు దాటుతుంది. ఒకే నేరాన్ని గీత గీసి రెండు ముక్కలు చేస్తే సగం నిజమే బయటపడుతుంది.

2025 జనవరిలో మరో స్పష్టత వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన కేంద్ర ఉద్యోగులపై అవినీతి కేసులలో, వారు ఆ రాష్ట్రంలో పనిచేస్తున్నారన్న కారణంతో రాష్ట్ర సమ్మతి తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులలో ఒకటి గుంతకల్లు రైల్వే డివిజన్ కార్యాలయ ఉద్యోగికి సంబంధించినది. రైల్వే జీతంపై బతికే ఊళ్లకు ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది.

కాబట్టి అసలు ప్రశ్న హద్దు ఉండాలా వద్దా అన్నది కాదు. దానిని ఎవరు, ఎప్పుడు గీయాలన్నది. హద్దే లేని దర్యాప్తు కేంద్రంలోని పాలక పక్షం చేతిలో ఆయుధం కాగలదు. ఆరోపణ ఎదుర్కొంటున్న ప్రభుత్వమే హద్దు గీస్తే అది రక్షణ కవచం అవుతుంది. నేరం బయటపడక మునుపే చట్టంలో రాసి ఉన్న హద్దు, న్యాయస్థానం సమీక్షకు లోబడిన హద్దు మాత్రమే ఈ రెండు ప్రమాదాలనూ నివారించగలదు. సమ్మతి లేకుండానే సీబీఐ కేసులు నమోదు చేస్తున్నదంటూ పశ్చిమ బెంగాల్ వేసిన దావా విచారణార్హమేనని 2024 జూలై 10న సుప్రీంకోర్టు ప్రకటించడానికి ప్రాధాన్యం అందుకే.

అధికార పరిధిపై వాదన సాగినంత కాలం సాక్ష్యాలు చెదిరిపోతాయి, బాధితులు నిరీక్షిస్తారు, నిర్దోషులు అనుమానపు నీడలో బతుకుతారు. ఆ మూల్యం చెల్లించేది ప్రభుత్వాలు కావు, పౌరులు.