గొర్రు అతుకు కోసం వైర్ ఫీడర్ కొంటున్నారా? ముందు మీ వెల్డింగ్ మిషన్‌తో జత కుదురుతుందో చూసుకోండి



ఈసారి జీవామృతం, కషాయాల గురించి కాదు, ఇనుము గురించి మాట్లాడుకుందాం. మనం ఎరువు బస్తా కొనం, పురుగు మందు డబ్బా కొనం. విత్తనం కూడా వీలైనంత వరకు మన ఇంట్లోదే. కానీ గొర్రు పన్ను ఊడినా, గుంటక చట్రం చీలినా మాత్రం టౌన్‌లో వెల్డింగ్ షాపు ముందు నిలబడాల్సిందే.

మామూలు రోజుల్లో అయితే ఒక పూట పోతుంది, అంతే. పదును రోజుల్లో అలా కాదు. కర్నూలు, కడప వైపు ఏడాది మొత్తానికి పడేది సుమారు 600–700 మి.మీ. వాన. పత్తికొండ వైపు ఎర్ర నేలల్లో వాన పడిన మూడు నాలుగు రోజులకే పైపదును ఆరిపోతుంది. కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో ఇంకో తిప్పలు. తడిగా ఉంటే కాలు దిగబడుతుంది, ఆరితే నేల బిర్రబిగుస్తుంది. మధ్యలో దొరికే ఆ కొద్ది రోజుల్లోనే గొర్రు తిరగాలి. అప్పుడు షాపాయన "రేపు రా అన్నా" అన్నాడంటే, ఆ రేపటి ఖరీదు ఒక్కోసారి పంటంత.

అందుకే నలుగురు రైతులు కలిసి సొంతంగా వెల్డింగ్ మిషన్ పెట్టుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, మా దగ్గర రాడ్ మిషన్ ఉంది. దానికి వైర్ ఫీడర్ పెట్టె తగిలిస్తే మిగ్ మిషన్ అయిపోతుందంట, నిజమేనా?" వీడియోలో పని చేసి చూపించాను. లెక్కలు మాత్రం కాగితం మీద చూసుకుంటేనే అర్థమవుతాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ఒక ఎద్దు పొడుగు, ఒక ఎద్దు పొట్టి అయితే కాడి ఒరుగుతుంది, సాలు వంకర పోతుంది. రెండు ఎద్దులూ విడివిడిగా మంచివే కావచ్చు, జత కుదరలేదు అంతే. ఫీడర్, మిషన్ సంగతి కూడా ఇదే.

అసలు వైర్ ఫీడర్ చేసే పని ఏంటి?

రాడ్ వెల్డింగ్‌లో రాడ్ కరిగే కొద్దీ మన చెయ్యే కిందికి దించుతూ పోవాలి. వైర్ ఫీడర్‌లో చిన్న మోటారు, రెండు రోలర్లు, వైరు చుట్ట ఉంటాయి. టార్చ్ మీద బటన్ నొక్కితే వైరు దానంతటదే ముందుకు వస్తూ కరుగుతుంది. కొత్తవాళ్ళకు చెయ్యి త్వరగా కుదురుతుంది, రాడ్ మార్చడానికి ఆగే పని లేదు. కానీ ఫీడర్ కరెంటు తయారుచేయదు, వైరును మాత్రమే అందిస్తుంది. అతుకు వేసే కరెంటు మిషన్ నుంచే రావాలి. కాబట్టి మిషన్ ఎలాంటి కరెంటు ఇస్తుందనేదే మొదటి ప్రశ్న.

ఏసీనా, డీసీనా?

పల్లెల్లో పాత షాపుల్లో కనిపించే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు ఎక్కువ భాగం ఏసీ ఇచ్చేవే. వైర్ ఫీడర్లు, మనకు దొరికే వైర్లు డీసీ కోసం తయారైనవి. ఏసీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫీడర్ తగిలించాలన్న ఆలోచన అక్కడితో వదిలేయండి. దాన్ని రాడ్లకే వాడుకోండి, ఆ పనికి అది గట్టి మిషనే. చేత్తో మోసుకెళ్ళే చిన్న ఇన్వర్టర్ మిషన్లు సాధారణంగా డీసీ ఇస్తాయి. నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది, చదవండి.

సీసీనా, సీవీనా?

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే కొంచెం నిదానంగా చెబుతా.

రాడ్ మిషన్‌ను సీసీ అంటారు. అంటే ఆంప్స్ స్థిరంగా ఉంచుతుంది. మన చెయ్యి వణికి రాడ్ కొంచెం దూరమైనా, దగ్గరైనా వోల్టేజీ మారుతుంది గానీ ఆంప్స్ పెద్దగా మారవు. చేత్తో చేసే పనికి అదే కావాలి.

మిగ్ మిషన్‌ను సీవీ అంటారు. ఇది వోల్టేజీని స్థిరంగా ఉంచుతుంది. వైరు ఒకే వేగంతో వస్తుంటుంది. వైరు కొన ఇనుముకు దగ్గరైతే ఆంప్స్ పెరిగి కొన త్వరగా కరుగుతుంది. దూరమైతే ఆంప్స్ తగ్గి కరగడం నెమ్మదిస్తుంది. అలా మంట పొడుగు దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు ఒకే వేగంతో వైరు వదిలే మామూలు ఫీడర్‌ను సీసీ రాడ్ మిషన్‌కు తగిలించామనుకోండి. ఆ సర్దుబాటు జరగదు. వైరు పోయి ఇనుముకు గుచ్చుకుంటుంది, లేదంటే వెనక్కి కాలి టార్చ్ చివరి రాగి టిప్‌కు అతుక్కుంటుంది. మిషన్ మంచిదే, ఫీడర్ మంచిదే, అతుకు మాత్రం పడదు.

సీసీ మిషన్‌తో పనిచేసే ఫీడర్లు వేరే ఉన్నాయి. వాటిని వోల్టేజ్ సెన్సింగ్ ఫీడర్లు అంటారు. మంట పొడుగై వోల్టేజీ పెరిగితే వైరును వేగంగా, తగ్గితే నెమ్మదిగా వదులుతాయి. లింకన్ ఎల్‌ఎన్-25, మిల్లర్ సూట్‌కేస్ ఈ రకమే. పెట్టెలా మూసి మోసుకెళ్ళేలా ఉంటాయి. పైప్‌లైన్లు, ఓడలు కట్టే చోట ఎక్కువగా వాడతారు. వీటిని డీసీ సీసీకీ, సీవీకీ తగిలించవచ్చు. అయితే సీసీ మీద 1.6 మి.మీ., అంతకన్నా లావు వైర్లతో ఫరవాలేదు గానీ, మనం వాడే 0.8, 1.2 మి.మీ. సన్న వైర్లతో మంట నిలకడగా ఉండదు. "తగులుతుంది" వేరు, "పనిచేస్తుంది" వేరు. సన్న వైరుకు సీవీ ఉండాల్సిందే.

ఫీడర్ మోటారుకు కరెంటు ఎక్కడిది?

దీనికి రెండు పద్ధతులు. మొదటిది, మిషన్ నుంచి కంట్రోల్ కేబుల్ ద్వారా 24 వోల్టులో, 42 వోల్టులో వస్తుంది. కంపెనీని బట్టి ఈ వోల్టేజీ మారుతుంది, ప్లగ్గులో పిన్నుల అమరిక కూడా మారుతుంది. ప్లగ్గు దూరినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు. తప్పు పిన్నుకు కరెంటు పోతే ఫీడర్ బోర్డు కాలుతుంది. ఈ రకం అయితే మిషన్, ఫీడర్ ఒకే కంపెనీవి తీసుకోవడం మేలు.

రెండోది వోల్టేజ్ సెన్సింగ్ రకం. కంట్రోల్ కేబుల్ ఉండదు. వెల్డింగ్ కేబుల్ నుంచే మోటారుకు కరెంటు తీసుకుంటుంది. ఒక చిన్న క్లిప్పును మనం అతికే ఇనుముకు పెట్టాలి. ఇందులో రెండు జాగ్రత్తలు. ఫీడర్ లోపల కాంటాక్టర్ ఉందో లేదో అడగండి. లేకపోతే మిషన్ ఆన్ చేసినప్పటి నుంచీ, బటన్ నొక్కకపోయినా, వైరు కొనలో కరెంటు ఉంటుంది. తడి చేనులో అది ప్రమాదం. రెండోది, కొన్ని రాడ్ ఇన్వర్టర్లలో వీఆర్‌డీ అని ఉంటుంది. పని లేనప్పుడు వోల్టేజీని బాగా తగ్గించేస్తుంది. అప్పుడు ఫీడర్‌కు చాలినంత వోల్టేజీ అందక మోటారు తిరగకపోవచ్చు.

ఏ వైరు? ప్లస్ ఎటు, మైనస్ ఎటు?

గట్టి వైరుకు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కావాలి. చేనులో గాలికి ఆ గ్యాస్ నిలవదు, అతుకు నిండా బొక్కలు పడతాయి. సిలిండర్ మోయడం ఇంకో బరువు. ఆరుబయట పనికి లోపల మందు ఉండి గ్యాస్ అవసరం లేని ఫ్లక్స్ కోర్డ్ వైరు సరైనది. వైరు చుట్ట మీద ఈ71టీ-11 లేదా ఈ71టీ-జీఎస్ అని ఉంటుంది. జీఎస్ ఒక్క వరసకే, పల్చని ఇనుముకే పనికొస్తుంది. వరస మీద వరస వేయాలంటే టీ-11 తీసుకోండి.

గ్యాస్‌తో వాడే గట్టి వైరుకు టార్చ్ ప్లస్‌లో ఉండాలి. ఈ గ్యాస్ లేని వైర్లకు టార్చ్ మైనస్‌లో, ఎర్త్ క్లాంప్ ప్లస్‌లో ఉండాలి. మార్చకుండా వాడితే నిప్పురవ్వలు ఎగిరి, అతుకు పైపైన పడుతుంది. మిషన్‌లో, ఫీడర్‌లో ఈ మార్పు చేసుకునే వీలుందా అని కొనే ముందే అడగాలి. ఫ్లక్స్ వైరుకు గరుకు పళ్ళున్న రోలర్ కావాలి. నున్నటి రోలర్‌ను బిగించి నొక్కితే లోపల బోలుగా ఉండే ఆ వైరు చప్పిడి అవుతుంది.

మన కరెంటు సరిపోతుందా?

120 ఆంప్స్ దగ్గర వైర్ వెల్డింగ్‌కు సుమారు 20 వోల్టులు కావాలి. 120ని 20తో గుణిస్తే 2,400 వాట్లు. మిషన్‌లో పోయే నష్టం కలిపితే లోపలికి సుమారు 2,900 వాట్లు. మామూలు ఇన్వర్టర్ పవర్ ఫ్యాక్టర్ 0.7 అనుకుంటే 4.2 కేవీఏ దాకా వస్తుంది. అంటే 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌లో 18 ఆంప్స్. ఇంట్లో 16 ఆంప్స్ సాకెట్టు దీన్ని మోయలేదు. అదే 120 ఆంప్స్‌తో రాడ్ వెల్డింగ్ అయితే వోల్టేజీ 25 దాకా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే లాగుతుంది.

ఇంటి నుంచి 100 మీటర్లు 2.5 చదరపు మి.మీ. రాగి తీగ లాగితే, 16 ఆంప్స్ దగ్గర దారిలోనే దాదాపు 24 వోల్టులు పోతాయి. సాయంత్రం పూట ఊర్లో అసలే వోల్టేజీ తక్కువ. ఇక మంట నిలిచేది ఎట్లా?

"బోరు దగ్గర త్రీఫేజ్ ఉంది కదా" అంటారు. ఆ కనెక్షన్ పంపుసెట్టు కోసం ఇచ్చింది. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది, అపరాధ బిల్లు వేస్తారు. ఉచిత కరెంటును అలా పణంగా పెట్టకండి. చేను దగ్గర పనికి జనరేటరే దారి. పై లెక్కకు 6 కేవీఏ పైన ఉన్నది చూసుకోండి. టెంట్ హౌస్ జనరేటర్ అద్దెకు తెచ్చేటప్పుడు కూడా వోల్టేజీ నిలకడగా ఉందో లేదో మీటరు పెట్టి చూడాలి.

ఇంకోటి డ్యూటీ సైకిల్. 160 ఆంప్స్ దగ్గర 60 శాతం అని రాసి ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు అతికి నాలుగు నిమిషాలు ఆపాలని. ఆ లెక్క 40 డిగ్రీల వేడికి కట్టింది. మన రోహిణి కార్తె ఎండ దాన్ని దాటుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువసేపు ఆపండి. మిషన్‌ను నీడలో, దుమ్ముకు ఎదురుగా లేకుండా పెట్టండి.

దేన్ని అతకాలి, దేన్ని అతకకూడదు?

గొర్రు చట్రం, యాంగిలర్, పైపు, గేటు, బండి తొట్టి, పచ్చిరొట్టను పడుకోబెట్టే రోలర్ లాంటి మెత్తటి ఇనుము పనులకు వైర్ ఫీడర్ బాగుంటుంది. గుంటక పాస, మడక కర్రు లాంటివి లారీ కమాన్ పట్టీతో చేయించినవైతే మాత్రం దీంతో ముట్టుకోకండి. అది గట్టి ఉక్కు. చల్లగా ఉన్నప్పుడు అతికితే అతుకు పక్కనే పగులుతుంది. దాన్ని ముందుగా వేడిచేసి, ఆరబెట్టిన 7018 రాడ్లతో అతికి, బూడిదలోనో ఇసుకలోనో నెమ్మదిగా చల్లారనివ్వాలి. మన ఊరి కమ్మరికి ఈ విద్య తెలుసు, ఆయన్ని పిలవండి.

ట్రాక్టర్‌కు తగిలించి ఉన్న పనిముట్టును అతికేటప్పుడు బ్యాటరీ తీగలు ఊడదీయండి. ఎర్త్ క్లాంప్‌ను అతుకుకు దగ్గర్లోనే పెట్టండి. డీజిల్, మందు డబ్బాలను ఖాళీవైనా సరే అతకొద్దు. జీఐ పైపు పొగ పీల్చొద్దు.

మన చేలకు ప్రత్యేకంగా ఇంకో హెచ్చరిక. మనం నేలను ఆచ్ఛాదనతో కప్పుతాం. గ్యాస్ లేని ఫ్లక్స్ వైరు నిప్పురవ్వలు బాగా చిమ్ముతుంది. ఎండిన కొర్ర గడ్డి మీద ఒక్క రవ్వ పడితే మూడేళ్ళుగా పేర్చిన మట్టి కప్పు పోతుంది. పనిముట్టును ఖాళీ దిబ్బ మీదికి తెచ్చే అతకండి. పక్కన రెండు బిందెల నీళ్ళు పెట్టుకోండి. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి చూసి రండి.

మరి ఏం కొనాలి?

ఒక్క రైతుకు, ఏడాదికి నాలుగైదు అతుకుల కోసమైతే వైర్ ఫీడర్ అక్కర్లేదు. మంచి డీసీ ఇన్వర్టర్ రాడ్ మిషన్, పొడిగా దాచిన రాడ్లు చాలు.

పనిముట్లు అద్దెకు ఇచ్చుకునే రైతు బృందమైతే రాడ్, మిగ్ రెండూ ఉన్న మిషన్ తీసుకోండి. అందులో ఫీడర్ లోపలే ఉంటుంది, జత కుదురుతుందా అన్న బాధ ఉండదు. మిషన్, జనరేటర్ ట్రాలీ మీద ఉండి, పని ఇరవై ముప్పై మీటర్ల దూరంలో ఉండే చోట మాత్రమే విడి ఫీడర్‌కు విలువ ఉంటుంది.

షాపుకు పోయేటప్పుడు మీ మిషన్ నేమ్‌ప్లేట్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకొని పోండి. ఏసీనా డీసీనా, సీవీ ఉందా, కంట్రోల్ కేబుల్‌కు ఎన్ని వోల్టులు, ప్లస్ మైనస్ మార్చుకోవచ్చా, ఎన్ని ఆంప్స్ దగ్గర ఎంత డ్యూటీ సైకిల్, ఈ ఐదూ అడగండి. మీ మిషన్‌ను ఆటోలో వేసుకుపోయి, మీ వైరుతోనే ఒక జానెడు అతుకు వేయించి, సుత్తితో కొట్టి చూశాకే డబ్బు ఇవ్వండి. ఇదంతా వేసవిలోనే తేల్చుకోవాలి. మృగశిర వచ్చి, పదును పడ్డాక తేల్చుకునే పని కాదు.

మీ ఊర్లో గొర్రు, గుంటక ఎవరు బాగు చేస్తున్నారో, ఏ మిషన్‌తో చేస్తున్నారో కూడా ఒకసారి పోయి చూడండి.