లోయలో చలి – మన దుప్పటి



డిసెంబర్‌లో తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్‌లో హయత్‌నగర్ బస్సు ఎక్కి చూడండి. చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరకు చలి అంతగా తెలియదు. వనస్థలిపురం దాటి ఖాళీ జాగాలు పెరిగేకొద్దీ కిటికీ అద్దం మూయక తప్పదు. ఒకే రోడ్డు మీద ఇంత తేడా ఎందుకు? సిమెంటు గోడలు, తారు రోడ్లు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా మెల్లగా వదులుతాయి. ఖాళీ నేల త్వరగా చల్లబడుతుంది. అందుకే హయత్‌నగర్ కనిష్ఠ ఉష్ణోగ్రత బేగంపేట కంటే తరచు తక్కువగా నమోదవుతుంది.

ఈ తేడా ఇంకా బాగా తెలిసేది కొండల మధ్య లోయలో. ఎం.ఎస్సీ. జాగ్రఫీ క్షేత్ర పర్యటనలో అరకు వెళ్ళినప్పుడు నాకది అనుభవమైంది. సంక్రాంతి సెలవుల్లో అరకు, లంబసింగి వెళ్దామని మన తమ్ముళ్ళు కొందరు అనుకుంటున్నారు కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కిలోమీటరు పైకి వెళితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే విశాఖపట్నం కంటే చల్లగా ఉండటానికి ఎత్తు ఒక కారణం. రెండో కారణం లోయ ఆకారం. రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళు పల్లానికి జారినట్టు కిందికి జారి లోయ అడుగున చేరుతుంది. గాలికొండ, సుంకరిమెట్ట వంటి కొండలు చుట్టూ ఉండటంతో అది త్వరగా బయటికి పోదు. గాలిలోని తేమ పొగమంచు అవుతుంది. మనం పైనుంచి ఫోటో తీసుకునే ఆ తెల్లటి మంచు కింద, లోయ అడుగున మనుషులు వణుకుతుంటారన్నమాట! చింతపల్లి మండలంలోని లంబసింగికి ‘కొర్రబయలు’ అనే పేరు కూడా ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు.

మరి ఈసారి చలి ఎలా ఉంటుందో ముందే తెలుస్తుందా? భారత వాతావరణ శాఖ శీతాకాలం మొదట్లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అంచనా ఇస్తుంది. అది పెద్ద ప్రాంతాలకు, మూడు నెలల సగటుకు చెప్పేది. ఏ రాత్రి ఎంత చలో అందులో ఉండదు. దానికి రోజువారీ సూచన చూడాలి. ఉత్తరం, ఈశాన్యం నుంచి పొడిగాలి వీస్తూ ఆకాశంలో మబ్బు లేకుంటే రాత్రి గట్టి చలి అనుకోవచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బులు కమ్మితే పగలు చల్లగా ఉన్నా రాత్రి చలి తగ్గుతుంది. మబ్బు కూడా దుప్పటి లాంటిదే.

మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు తగ్గి, అది మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువైతే శీతల గాలులని ప్రకటిస్తారు. 4 డిగ్రీలకు పడిపోతే తేడాతో పనిలేకుండానే ప్రకటిస్తారు. కానీ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పేపర్లో వచ్చే అంకె నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలాడే చెక్కపెట్టెలో ఉంచిన థర్మామీటరుది. నిర్మలమైన రాత్రి ఆరుబయట నేల అంతకంటే చల్లగా ఉంటుంది. చలి చేతి పంపు దగ్గరా, పొలం గట్టు మీదా ఎక్కువ, పేపర్లో తక్కువ!

ఇదంతా నేను పుస్తకంలో చదవకముందే ఒంటికి తెలిసింది. ఆరో తరగతిలో నేనున్న ఒక హాస్టల్లో ఆ ఏడు దుప్పట్లు రాలేదు. గోనెసంచి కింద పరుచుకుని ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మా అమ్మ అనేది. చలి పోయాకే మా దుప్పట్లు వచ్చాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ చదువు వల్ల ఇప్పుడు ఒక మాట ధైర్యంగా చెప్పగలను. వరద చెప్పకుండా రావచ్చు గానీ, చలి ప్రతి ఏడూ తేదీ చెప్పి వస్తుంది. ముందే తెలిసినదానికి ఆలస్యంగా సిద్ధపడటం ఎందుకు?

కాబట్టి తమ్ముళ్ళూ! కొండలకు వెళ్ళేవారు స్వెట్టరు, మఫ్లరు మరవకండి. కింద పరుచుకునేది కూడా తీసుకెళ్ళండి. నేల లాగేసే వేడి తక్కువేమీ కాదు. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకోవద్దు. దాని విషవాయువుకు వాసన కూడా ఉండదు. ఇక మన విద్యార్థి కమిటీ ఏటా దసరా సెలవుల తరువాత ఎవరికి దుప్పటి లేదో జాబితా రాసి వార్డెన్ గారికి ఇవ్వాలని నా మనవి. పూర్వ విద్యార్థులు తలా ఒక చేయి వేస్తే, వచ్చే శీతాకాలం మన హాస్టల్లో ఏ తమ్ముడూ గోనెసంచి పరుచుకోడని ఆశిస్తున్నాను.