ఎయిడ్సు టీకా: స్వచ్ఛందసేవకుల ఋణము

2005వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున పూనాలోని జాతీయ ఎయిడ్సు పరిశోధనాలయమునందు మన దేశమున మొదటిసారిగా ఎయిడ్సు టీకాను మనుష్యులపై పరీక్షించిరి. మఱుసటి యేట చెన్నపురిలోని క్షయ పరిశోధనా కేంద్రమున మఱియొక టీకాపరీక్ష ప్రారంభమయ్యెను. పూనాలో 30 మంది, చెన్నపురిలో 32 మంది ముందునకు వచ్చిరి. అందఱును ఆరోగ్యవంతులే. ఆ టీకా తమ్ము కాపాడునని వారికెవ్వరును మాట యీయలేదు. అయినను సూదికి భుజమొడ్డిరి.

ఇట్టి టీకాలో బ్రతికియున్న హెచ్.ఐ.వి. ఉండదు. దాని జన్యువులలో కొన్నింటిని మాత్రము హానిచేయని వేఱొక వైరసులో నమర్చి దేహములోనికి పంపుదురు. చెన్నపురిలో వాడినది మశూచి టీకా వంశమునకు జెందిన బలహీనమైన వైరసు. కావున టీకావలన ఎయిడ్సు సోకునను భయము నిరాధారము. ఆ రెండు పరీక్షలలోను పెద్ద అపాయమేమియు కనబడలేదు. కాని టీకాలకు కావలసిన బలమును చాలలేదు.

ఇతర దేశముల అనుభవమును ఇట్టిదే. థాయిలాండులో 2003లో ప్రారంభమై 16,000 మందికి పైగా పాల్గొనిన పరీక్షయొక్క ఫలితము 2009లో వెలువడగా, సుమారు 31 శాతము రక్షణ కనబడినది. ఆ యాశతో దక్షిణాఫ్రికాలో 5,400 మందితో జరిపిన పరీక్షను 2020 ఫిబ్రవరిలో నిలిపివేయవలసివచ్చెను. టీకా పొందినవారిలో 129 మందికిని, మందులేని సూది పొందినవారిలో 123 మందికిని వైరసు సోకినది! 2021లో ఆఫ్రికాలోను, 2023లో అమెరికా, ఐరోపాలలోను మఱి రెండు పరీక్షలు విఫలములైనవి. ఏ త్రోవ మూసికొనియున్నదో తెలియుటకే ఇన్ని వేలమంది భుజములు కావలసివచ్చెను. ఆ జ్ఞానము వారి దానమే.

ఆరు మాసముల కొకసారి తీసికొను లెనకాపవిర్ అను మందు 2024లో వెలువడిన పరీక్షాఫలితమున 2,134 మంది ఆఫ్రికా యువతులలో ఒక్కరికైనను వైరసు సోకనీయలేదు గదా, ఇక టీకా యేల అని కొందఱడుగుదురు. ఆ మందు గొప్పదే. కాని అపాయమున్నంతకాలము ఏటేట రెండుమార్లు దానిని పొందవలెను. కొలదిమార్లు వేయించుకొనిన చాలుననదగు టీకా పుట్టబోవు తరములకు విడిచిపోదగిన ఆస్తి. హెచ్.ఐ.వి. జాతీయ సగటును మించియున్న ఆంధ్రప్రదేశమున ఈ మాటను విడమరచి చెప్పనక్కఱలేదు.

అయితే టీకా పరిశోధన యనగానే తెలుగువారికి ఖమ్మము జ్ఞప్తికి వచ్చును. 2009లో ఆ జిల్లాలో వేలకొలది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకా వేసిరి. టీకా మంచిదే, తరువాత సంభవించిన కొందఱు బాలికల మరణములకు అది కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులకు మాఱుగా వసతిగృహముల వార్డెన్లు సమ్మతిపత్రములపై సంతకములు చేసిరి! 2010లో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా ఖండించినది. అడుగక తీసికొనినదానిని దానమనుటకు మాకు నోరు రాదు.

మఱియొక చిక్కును పెక్కు రెఱుగరు. టీకావలన రక్తమున ప్రతిరక్షకములు పుట్టును. సాధారణ హెచ్.ఐ.వి. పరీక్ష వెదకునది వానినే. కావున వ్యాధి లేనివానికిని వ్యాధి యున్నట్లు కాగితము రావచ్చును. గల్ఫునకు పోగోరు కరీంనగరపు యువకుడు అట్టి కాగితముతో ఏమి చేయగలడు? పెండ్లిమాటలు జరుగుచున్న యింట ఆ కాగితము బయటపడిన నేమగును? వైరసునే నేరుగా వెదకు పరీక్షవలన నిజము తేలును. కాని ఆ పరీక్ష యెవరు చేయింతురు?

2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము వివక్షను నిషేధించినది. 2019 నాటి క్రొత్త ఔషధముల నియమావళి పరీక్షలో హాని పొందినవారికి చికిత్సను, పరిహారమును విధించినది. కాని ఇరుగుపొరుగు నోళ్ళకు చట్టము మూతవేయజాలదు. మన యువజనులు ఇట్టి పరిశోధనకు ముందునకు రావలెననియే మా కోరిక. వారిని పిలుచు సంస్థలు సమ్మతిపత్రమును తెలుగున వ్రాయింపవలెను. చదువురాని వారికి చదివి వినిపింపవలెను. నడుమ మానుకొనువానిని కారణ మడుగరాదు. పరీక్ష ముగిసిన పదియేండ్లకైనను వచ్చి యడిగినవానికి వైరసు పరీక్షను ఉచితముగా చేయించి, వ్యాధి లేదను పత్రమును చేతి కీయవలెను.