పాత పికప్ స్టీరింగు: రోగం, నిదానం

తెలుగు ఉపన్యాసకులకు మోటారు బండ్లతో పనియేమి అని మా విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. వాక్యంలో ఒక పదం తప్పితే అర్థం చెడుతుంది. దిద్దుకొనుటకు వ్యవధి ఉంటుంది. బండిలో ఒక కీలు తప్పితే దిద్దుకొను వ్యవధి ఉండదు. మన విద్యార్థులలో చాలామంది ఇండ్లకు ఇటువంటి పాత బండ్లే జీవనాధారం కనుక, మా అన్నగారి పికప్ వలన మేము తెలుసుకొన్న సంగతులను ఇక్కడ క్రమంగా వివరించదలచినాము.

మా అన్నగారు పల్లెల నుండి ఉల్లిగడ్డల బస్తాలను కర్నూలు మార్కెట్టుకు చేరవేస్తారు. కొన్నేండ్ల క్రితం ఒకనాటి రాత్రి, సరుకు దించి ఖాళీ బండితో ఇంటికి వస్తుండగా ముందు చక్రం ఒక గుంతలో పడి లేచింది. అప్పటి వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు. మరుక్షణం స్టీరింగు చేతులలో నిలువక కుడియెడమలకు విపరీతంగా కొట్టుకొనసాగింది. పక్కన పదేండ్ల కొడుకు కూర్చొని ఉన్నాడు. ఎదుట వంతెన. అన్నగారు బ్రేకును ఒక్కసారిగా తొక్కక, ఆక్సిలరేటరు నుండి కాలు తీసి, స్టీరింగును గట్టిగా పట్టుకొని వేగం తగ్గనిచ్చినారు. వంతెనకు కొద్ది గజాల ముందు ఆ వణుకు ఆగిపోయినది.

పట్టణంలో ఒక వర్క్‌షాపువారు మొదట కొత్త టైర్లు వేయించినారు. వణుకు పోలేదు. పిదప స్టీరింగుకు ఒక డాంపరు బిగించినారు. రెండు నెలలు బాగుండి మళ్లీ అదే బాధ మొదలైనది. అప్పులు పెరుగుతున్నందున బండిని పాత ఇనుము కొట్టుకు అమ్మివేయుటకు అన్నగారు సిద్ధపడినారు. ఆ సమయంలో ఊరి చివర చిన్న షెడ్డు నడుపు వృద్ధ మేస్త్రీ ఒకరి వద్దకు ఆయనను మేము తీసుకొనిపోయినాము.

ఆయన చేసిన పరీక్షను గ్రహించవలెనంటే బండి నిర్మాణం కొంత తెలియవలెను. మన దేశంలో కూర్చిన పాత జీపులలోను, వాటి తరహా పికప్పులలోను ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు అమర్చబడి ఉంటాయి. ఒక చక్రం గుంతలో పడితే ఇరుసంతా వంగి రెండవ చక్రం కూడా కదులుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు ఆ కదలిక స్టీరింగు పెట్టెకు, అక్కడి నుండి పిట్మన్ ఆర్ముకు, డ్రాగ్ లింకు ద్వారా ఒక చక్రానికి, టై రాడ్డు ద్వారా రెండవ చక్రానికి చేరుతుంది. ఇదొక గొలుసు. ఏ కొక్కెం సడలినా చక్రం చేతిమాట వినదు.

మేస్త్రీగారు పానా ముట్టలేదు. చక్రాలు నేలమీదనే ఉంచి, ఇంజను ఆపించి, "భాయ్, నువ్వు కూర్చొని స్టీరింగు కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడించు" అని అన్నగారితో చెప్పి, తాము కింద దూరి ఒక్కొక్క కీలుమీద చేయి పెట్టినారు. ఒక భాగం కదిలి, దాని తరువాతి భాగం కదలకపోతే లూజు ఆ రెంటి నడుమ ఉన్నట్లు. ఈ విధంగా చూడగా టై రాడ్డు ఎండు ఒకటి అరిగినట్లు తేలింది. స్టీరింగు పెట్టె కూడా చట్రం మీద కొద్దిగా ఊగుతున్నది.

తరువాత ఇరుసు కింద జాకీ పెట్టి, స్టాండ్లు ఆనించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపినారు. చక్రం ఆడింది. అప్పుడు అన్నగారి చేత బ్రేకు తొక్కించినారు. బ్రేకు తొక్కగానే ఆ కదలిక పోతే లోపం చక్రపు బేరింగులో ఉంటుంది; పోకపోతే కింగ్ పిన్‌లో ఉంటుంది. ఇక్కడ పోలేదు.

"ఇవి సరే సార్. కానీ బండి ఖాళీగా ఉన్నప్పుడే ఎందుకు వణుకుతున్నది?" అని ఆయన మమ్ములను అడిగినారు. మేము నిరుత్తరులమైనాము. ఆయన బండి వెనుకకు పోయి కమాను కట్టలను చూపినారు. ఎక్కువ బస్తాలు ఎత్తుటకై మా అన్నగారు అంతకు ముందు సంవత్సరం వెనుక కట్టలకు అదనపు పట్టీలు వేయించినారు. బరువు లేనప్పుడు బండి వెనుక భాగం పైకి లేచి ఉన్నది.

దీని ప్రభావం ముందు చక్రాలపై పడుతుంది. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలి ఉండుట మనమెరుగుదుము. కింగ్ పిన్ కూడా అట్లే కొంచెం వెనుకకు వాలి ఉంటుంది. ఆ వాలును క్యాస్టర్ అంటారు. తిప్పిన చక్రం తనంతట తిన్నబడుటకు, రోడ్డుపై స్థిరంగా నడుచుటకు అదే ఆధారం. పాత జీపులలో ఇది సుమారు 3 డిగ్రీలు. రెండు ఇరుసుల నడుమ దూరం 250 సెంటీమీటర్లు అనుకొంటే, వెనుక భాగం 8 సెంటీమీటర్లు లేచినప్పుడు చట్రం 2 డిగ్రీలకు కొంచెం తక్కువగా ముందుకు వంగుతుంది. అనగా వాలులో సగానికి మించి నశించినది. దానికి కీళ్ల సడలిక తోడై, ఒక్క గుంత దెబ్బతో వణుకు ఆరంభమైనది. డాంపరు ఆ వణుకును కొంతకాలం అణచి రోగాన్ని మరుగుపరచినది, అంతే.

మరమ్మతు ఈ వరుసలో జరిగింది. టై రాడ్డు ఎండ్లు రెండూ మార్చినారు. కింగ్ పిన్ బేరింగులు కొత్తవి వేసి షిమ్ములతో బిగువు సరిచేసినారు. స్టీరింగు పెట్టె బోల్టులు మార్చి, అది కూర్చొను చోట చట్రంలో పగుళ్లు లేవని చూచినారు. వెనుక అదనపు పట్టీలను తీసివేసినారు. చివరకు టైర్లపై సుద్దగీతలు గీసి టేపుతో కొలిచి, రెండు చక్రాల నడుమ దూరం వెనుకకంటె ముందు 2, 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండునట్లు టై రాడ్డును సవరించినారు. స్టీరింగు పెట్టె స్క్రూను అన్నిటికంటె చివర, కొద్దిగా మాత్రమే తిప్పినారు. మిగిలిన లూజును దాచుటకు దానిని అతిగా బిగిస్తే స్టీరింగు పట్టివేస్తుంది.

పాఠకులు మూడు జాగ్రత్తలను మరువరాదు. తీసిన స్ప్లిట్ పిన్నును మళ్లీ వాడరాదు. రంధ్రం కలియకపోతే నట్టును ఇంకా బిగించవలెనేగాని సడలించరాదు. వంగిన టై రాడ్డును కాల్చి సాగదీయుట, విరిగినదానిని వెల్డింగు చేయుట ప్రాణాంతకం. కమాను కట్టలు విప్పి బిగించిన బండికి యూ బోల్టులను కొన్ని రోజులు నడిపిన పిదప తిరిగి బిగించి చూడవలెను.

ఈ పనికైన ఖర్చు కొత్త టైర్ల ఖరీదులో సగం కూడా కాలేదు. అయితే పట్టీలు తీసినందున ప్రతి ట్రిప్పుకు కొన్ని బస్తాలు తగ్గించవలసివచ్చినది. ఆ రాబడి పోవుట అన్నగారికి కష్టమే. "ఆ బస్తాల లాభం కోసమే కదా ఆనాడు వాణ్ణి వంతెన దాకా తెచ్చినాను" అని ఆయన అన్నమాట మాకు ఇప్పటికీ గుర్తున్నది. కొడుకు ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. సెలవు దినాలలో అన్నగారు స్టీరింగు ఆడిస్తుండగా, బండి కింద దూరి కీళ్లమీద చేయి పెట్టి చూచేది అతడే.