రాజధాని పక్కనే ఒక పాత రాజధాని

హైదరాబాద్‌కు చుట్టాలొస్తే మన జాబితా తయారుగా ఉంటుంది. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, హుస్సేన్‌సాగర్ బుద్ధుడు, ఓపికుంటే ఫిల్మ్‌సిటీ. ముంబై రోడ్డు ఎవరికీ గుర్తురాదు. ఆ దారిలోని పటాన్‌చెరు అనగానే పొగగొట్టాలు, ట్యాంకర్లు, షిఫ్టు బస్సులే కళ్లముందు కదులుతాయి. అక్కడ చూడటానికేముంది అంటారు. చాలా ఉంది.

అసలు ఆ ఊరే ఒకప్పటి రాజధాని. పదకొండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు జయసింహుడు పొట్టలకెరె నుంచి పాలించాడు. ఆ పొట్టలకెరే ఈనాటి పటాన్‌చెరు అని చరిత్రకారుల మాట. జైనం వర్ధిల్లిన చోటు కూడా. ఇక్కడ దొరికిన తీర్థంకరుల రాతి విగ్రహాలు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి చేరాయి. ముందు వాటిని చూసి ఆ తర్వాత ఈ దారి పట్టండి. ఫ్యాక్టరీల వెనక ఎంత పాత ఊరుందో అప్పుడు తెలిసొస్తుంది.

మొదటి మజిలీ అమీన్‌పూర్ చెరువు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. 2016 నవంబరులో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చెరువు ఇదే. చలికాలం పొద్దున్నే వెళ్లాలి. నీళ్లలో బండరాళ్లు, వాటి మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, లోతులేని చోట వంగి బురద జల్లెడపట్టే రాజహంసలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు పెరిగిపోయాయి, చెరువు కుంచించుకుపోయింది. అయినా పక్షులు వస్తూనే ఉన్నాయి. తెలంగాణ ప్రత్యేక రక్షణ దళం సిబ్బంది దీన్ని దత్తత తీసుకుని గట్టున మొక్కలు నాటారు. కానీ అదే ప్రాంతంలోని గండిగూడెం చెరువులో 2017లో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. రసాయనాల కాలుష్యం మీద ఈ ప్రాంతం 1990 నుంచి సుప్రీంకోర్టుదాకా వెళ్లి కొట్లాడింది. నలుగురూ వచ్చి చూసే చెరువులోకి దొంగచాటుగా వ్యర్థాలు వదలడం అంత తేలిక కాదు. జనం రావాలని నేను ఇంతగా కోరేది అందుకే.

రుద్రారంలో గణేశ్ గడ్డ దగ్గర ఆగి దండం పెట్టుకుని, పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో మళ్లితే సంగారెడ్డి. పాత జైలు 1796 నాటిది. ఖైదీలను కంది దగ్గరి కొత్త జైలుకు మార్చాక దీన్ని మ్యూజియం చేశారు. 2016లో ‘ఫీల్ ద జైల్’ మొదలైంది. అప్పట్లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా ఉండనిచ్చేవారు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్లెం, మగ్గు, సబ్బు ఇచ్చేవారు. జైలు తిండే తినాల్సి ఉండేది, జైలు వేళలే పాటించాల్సి ఉండేది. వియత్నాం రాజధాని హనోయ్ వెళ్లినవాళ్లు ఫ్రెంచివాళ్లు కట్టిన హోవా లో జైలు చూడకుండా రారు. మన జైలు ఇంటిపక్కనే ఉంది. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. గది తలుపు మూసుకున్న చప్పుడు వింటే చాలు, స్వేచ్ఛ గురించి వేరే పాఠం అక్కర్లేదు. బయల్దేరే ముందు సందర్శన వేళలు వాకబు చేసుకోండి.

అక్కడికి దగ్గర్లోనే కల్పగూరు. కాకతీయుల నాటి కాశీవిశ్వేశ్వరాలయం స్తంభాల నునుపు చేత్తో తాకి చూడాలి. ఊరి పక్కనే మంజీరా బ్యారేజీ. దశాబ్దాలుగా హైదరాబాద్ గొంతు తడుపుతున్న నీళ్లివి. 1978లో ఈ ప్రాంతం అభయారణ్యం అయింది. పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ అంటూ నది మధ్య దిబ్బలకు పేర్లున్నాయి. వాటి మీద మొసళ్లు ఎండ కాగుతుంటాయి. పక్కన పడి ఉన్న దుంగకీ మొసలికీ తేడా పోల్చుకోవడానికి కాసేపు పడుతుంది. నీటి అంచుకు మాత్రం పోవద్దు.

పటాన్‌చెరులోనే ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చూడాలంటే ముందుగా అనుమతి కావాలి. 1972లో మొదలైన ఆ సంస్థ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వగైరా విత్తన రకాలు 1,20,000కు పైనే ఉన్నాయి. జహీరాబాద్ వైపు ఇంకొంచెం పోగలిగితే ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు. శివపూజకు పనికిరాదనే మొగలిపువ్వుతోనే ఇక్కడ శివుడికి పూజ!

పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్, పాశమైలారంలోని అద్దె గదుల్లో బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు వేలల్లో ఉంటారు. సెలవునాడు వాళ్లు వెళ్లడానికీ ఒక చోటుండాలి. జిల్లా యంత్రాంగానికి నాదొక విన్నపం. ఆదివారాల్లో పటాన్‌చెరు నుంచి అమీన్‌పూర్, సంగారెడ్డి జైలు, కల్పగూరు మీదుగా ఒక ఆర్టీసీ బస్సు తిప్పండి. పొట్టలకెరె చరిత్ర చెప్పే బోర్డొకటి పటాన్‌చెరులో పెట్టండి, తెలుగులోనూ హిందీలోనూ.