జ్వరమంటే మలేరియాయేనా?



వానలు మొదలయ్యాయంటే ఓపీ బెంచీలు జ్వరాలవారితో నిండిపోతాయి. "సిస్టరమ్మా, మలేరియానే, సూది వేసెయ్యండి" అని వచ్చినవారే చెప్పేస్తారు. నిజానికి ఓపీకి వచ్చే జ్వరాలలో మలేరియా కొందరికే ఉంటుంది. మిగిలినవి వైరల్ జ్వరం, టైఫాయిడ్, డెంగ్యూ వంటివి. కాని ఆ కొందరు ఎవరో ఒళ్ళు పట్టుకొని చెప్పలేము. రక్తపరీక్షే చెప్పాలి.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది ఉద్యోగంలో చేరిన కొత్తలో. కొండ మీది ఊరి నుంచి ఒక తల్లి నాలుగేళ్ళ బాబును ఎత్తుకొచ్చింది. ఆ పూట ఒళ్ళు చల్లగానే ఉంది, వణుకు లేదు. మామూలు జ్వరమేనని నేను డాక్టరుగారితో అన్నాను. రక్తం తీయకుండానే పంపేశాము. మూడో రోజు ఫిట్స్‌తో తెచ్చారు. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కింది. దేవుని దయవల్ల బాబు బ్రతికాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

2023లో మలేరియాతో ప్రపంచంలో దాదాపు 5 లక్షల 97 వేలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలే.

దయచేసి ఇవి గుర్తుంచుకోండి:

1. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించుకోండి. వేలి నుంచి చుక్క రక్తం చాలు. మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ రండి.

2. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాగి, నెలల తరువాత కూడా జ్వరం తెస్తుంది. అందుకే ప్రైమాక్విన్ బిళ్ళలు 14 రోజులు ఇస్తాము. జ్వరం తగ్గిందని మానవద్దు. మూత్రం నల్లగా వస్తే మాత్రం ఆపి వెంటనే రండి. గర్భిణీలు ఈ బిళ్ళ వాడకూడదు. మిగిలిన బిళ్ళలు పక్కింటివారికి ఇవ్వకండి.

3. ఏజెన్సీ ఊళ్ళలో కొందరి రక్తంలో క్రిమి ఉన్నా జ్వరం రాదు. అలాంటివారు ఓపీకి రారు, మా లెక్కలో పడరు. వారిని కుట్టిన దోమ మరొకరికి జబ్బు అంటిస్తుంది. ఊళ్ళో రక్తం తీయడానికి వస్తే ఆరోగ్యంగా ఉన్నవారూ ఇవ్వండి.

4. ఈ దోమ పొద్దుగూకిన దగ్గర నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. దోమతెర కట్టుకోండి. తొట్లు, ట్యాంకుల మీద మూతలు పెట్టండి. వారానికోసారి నీళ్ళు పారబోసి కడగండి.

పేతురు అత్త జ్వరంతో పడుకొని ఉంటే ఇంటివారు ఆలస్యం చేయకుండా ప్రభువుకు చెప్పారని మార్కు సువార్తలో చదువుతాము. మీరూ ప్రార్థన చేయండి. అదే రోజు పరీక్షకూ తీసుకురండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్