మీకు తెలుసా? భజనకు సింథసైజర్!

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున 1937లో జన్మించి, బాల్యముననే చర్చిలో ఆర్గన్ వాయించి, పిదప జాజ్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్‌కు సహధర్మచారిణియైన ఆలిస్ కోల్‌ట్రేన్, 1967లో భర్త గతించిన పిమ్మట ఆధ్యాత్మిక మార్గము నవలంబించి, 1971లో ‘యూనివర్సల్ కాన్షస్‌నెస్’ అను ఆల్బమున విశ్వచైతన్యమును ఆర్గన్, హార్ప్ వాద్యములపై ధ్వనింపజేసినది. తదనంతరము తురీయసంగీతానంద నామమున సన్న్యసించి, కాలిఫోర్నియా కొండలలో ఆశ్రమము నెలకొల్పి, అచట సంస్కృత భజనలకు సింథసైజర్ నాదమును జోడించినది. స్వరము మెట్లెక్కక నింగికి జారిపోవుచున్నట్లు వినబడు ఆ నాదము, చర్చిగానమును భజనను ఏకము చేసిన విలక్షణ సృష్టి యనుటలో సందేహము లేదు. అట్టి భజనలతో కూడిన 1982 నాటి ఆమె ఆల్బము ‘తురీయ సింగ్స్’ మొదట క్యాసెట్టుగానే వెలువడినది. మన పుట్టపర్తి సత్యసాయిబాబాకు ఆమె భక్తురాలు. అందుకే తన ఆశ్రమమునకు ‘సాయి అనంతం’ అని పేరు పెట్టినది.